ఫోన్ విషయంలో మా పాపని సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లాం: సెప్టెంబరు నుంచి సంక్రాంతి దాకా జరిగింది

మా అమ్మాయికి పదహారేళ్లు, ఇంటర్ ఫస్టియర్ బైపీసీ. మాది తెనాలి. ఈ నాలుగైదు నెలల్లో ఎవరెవరి దగ్గరికి తిరిగామో, వాళ్లేం అడిగారో, ఏం చెయ్యమన్నారో, ఎంతయిందో వరసగా రాస్తున్నాను, ఎందుకంటే మేము వెళ్లేముందు తెలిసినవాళ్లని ఎంతమందిని అడిగినా అక్కడ ఏం జరుగుతుందో ఒక్కరూ చెప్పలేకపోయారు. "ఫోన్ లాక్కోండి, రెండ్రోజులు ఏడ్చి ఊరుకుంటుంది" అన్నవాళ్లే అందరూ. మమ్మల్ని చూసిన డాక్టరుగారు మాత్రం మొదటి రోజే "ఫోన్ లాక్కోకండమ్మా" అన్నారు. ఇదంతా పాప చదివి సరేనన్నాకే పెడుతున్నాను, తను వద్దన్నవి తీసేశాను.

పదో తరగతి ఫలితాలు 2025 ఏప్రిల్ 23న వచ్చాయి, మంచి మార్కులే. జూన్‌లో హాస్టల్ ఉన్న కాలేజీలో చేర్పించాం. ఆగస్టులో జ్వరమొచ్చి ఇంటికొచ్చింది, తగ్గాక మళ్లీ వెళ్లనని పట్టుబట్టింది. సరే, ఇక్కడే డే స్కాలర్‌గా చేర్చాం. అప్పట్నుంచి ఫోన్ తనతోనే ఉంది. కాలేజీ నోట్సులు, అసైన్‌మెంట్లు అన్నీ వాట్సాప్ గ్రూపులోనే పెడతారు కాబట్టి ఫోన్ ఇవ్వకుండా కుదరదు.

సెప్టెంబరు మొదట్లో తలనొప్పి అనడం మొదలుపెట్టింది. 20వ తేదీ శనివారం కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాం. కంట్లో చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యేదాకా కూర్చోబెట్టి చూశారు, దాదాపు గంట పట్టింది, ఆ రోజంతా దగ్గరివి మసకగానే కనిపించాయి, అందుకని పరీక్షలున్న రోజు వెళ్లొద్దు. ఏడాది కిందట మైనస్ ఒకటింపావు ఉన్న సైటు మైనస్ రెండున్నర అయింది. రోజూ పగటి వెలుతుర్లో బయట ఉండాలి, దగ్గరగా చూసే పని ఏదైనా ఇరవై నిమిషాలకోసారి ఆపి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడాలి అని చెప్పారు. ఫీజు 500, కళ్లజోడు 3,200. తలనొప్పి కొంచెం తగ్గింది కానీ పోలేదు.

దసరా సెలవుల్లో అసలు విషయం బయటపడింది. తెల్లవారి మూడు, మూడున్నరకి పడుకుని మధ్యాహ్నం పన్నెండు దాటాక లేచేది. లేచాక మాట్లాడదు, అన్నం దగ్గర కూర్చుంటే నాలుగు ముద్దలు. జుట్టు కుచ్చులు కుచ్చులుగా దువ్వెనకి వచ్చేది. రెండు నెలలుగా నెలసరి సరిగ్గా రాలేదని అప్పుడే చెప్పింది. దసరా రోజు అమ్మమ్మ వాళ్లింటికి బయల్దేరుతుంటే అద్దం ముందు నిలబడి, "నా మొహం ఇలా ఉంటుందా అమ్మా, నేను రాను" అని మంచం మీద అటు తిరిగి పడుకుంది. ఎంత బతిమాలినా లేవలేదు. మా అత్తగారు దిష్టి తీశారు, ఆంజనేయస్వామి గుడిలో తాయెత్తు కట్టించారు. ఆవిడ మనసు ఆవిడది, నేను కాదనలేదు, కానీ ఇది డాక్టరు చూడాల్సిందే అని నాకు ఆ రోజే గట్టిగా అనిపించింది.

ఏ డాక్టరు అన్నది తెలియలేదు. ఫోన్ అడిక్షన్ అని ఇంటర్నెట్‌లో వెతికితే ఒక డీఅడిక్షన్ సెంటర్ నంబర్ దొరికింది. ఫోన్ చేస్తే పిల్లని చూడకుండానే, ఏం చేస్తుందో కూడా సరిగ్గా అడక్కుండానే, నలభై ఐదు రోజులు అడ్మిట్ చెయ్యాలి, 75,000 అవుతుంది, సగం ముందే కట్టాలి, ఆ రోజులన్నీ మీరు కలవడానికి వీల్లేదు అన్నారు. మా ఆయన కట్టేద్దామనే అన్నారు, అంత భయపడిపోయారు పాపం. నాకు మనసొప్పలేదు.

అక్టోబరు 6 రాత్రి పదకొండింటికి టెలి మానస్ నంబరు 14416కి చేశాను. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఇరవై నాలుగ్గంటలూ ఉంటుంది, డబ్బులేం ఉండవు. భాష ఎంచుకోమంటుంది, తెలుగు నొక్కాను. నేను ఎక్కువసేపు ఎదురు చూడలేదు. అవతల ఒక అమ్మాయి ఎత్తింది, ఏడుపొచ్చేసి నాకు మాట రాలేదు, ఆ అమ్మాయి తొందరపెట్టకుండా ఆగింది. తర్వాత వరసగా అడిగింది: నిద్ర ఎన్నింటికి, తిండి ఎలా ఉంది, స్నేహితులతో మాట్లాడుతోందా, తనను తాను గాయపరచుకోవడం లాంటివేమైనా చూశారా, మీ ఇంట్లో ఎవరికైనా డిప్రెషన్ ఉండేదా. అరగంట పైనే మాట్లాడింది. ముందు రక్తపరీక్షలు చేయించండి, రక్తహీనత, థైరాయిడ్ ఉన్నా నీరసం, దిగులు ఉంటాయి, అవి చూసుకుని దగ్గర్లోని పెద్దాసుపత్రి సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి అని చెప్పింది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నేను కాస్త నిద్రపోయాను.

రక్తపరీక్షలు 8న చేయించాం, 2,650 అయ్యాయి. థైరాయిడ్ బాగానే ఉంది. హిమోగ్లోబిన్ 9.8, విటమిన్ డి 11, రెండూ తక్కువే. సెలవుల్లో పన్నెండు దాకా నిద్రపోయి, మిగతా రోజుల్లో సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి గదిలో తలుపేసుకునే పిల్లకి ఎండ ఎక్కడ తగులుతుంది? ఫిజీషియన్ ఐరన్ మాత్రలు, వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలకి డి3 పొడి ప్యాకెట్లు రాశారు. ఐరన్ మాత్ర వేసుకున్న గంటలో టీ తాగకూడదట, నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే మంచిదట. ఈ సంగతి మందుల షాపతను చెప్పాడు.

పాపని ఒప్పించడం అన్నిటికంటే కష్టం. "నాకేం పిచ్చా" అంది. నేను వాదించలేదు. "నీకు నిద్ర పట్టట్లేదు, తలనొప్పి తగ్గట్లేదు, దానికోసం వెళ్దాం, నీకు నచ్చకపోతే రెండోసారి రమ్మనను" అన్నాను. అది నిజమే కూడా. ఫోన్ కోసం అని ఉంటే వచ్చేది కాదు. మీరూ పిల్లలకి ఏది బాధగా ఉందో దాని పేరే చెప్పి తీసుకెళ్లండి.

13వ తేదీ సోమవారం గుంటూరు ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ ఓపీకి వెళ్లాం. పొద్దున ఎనిమిదిన్నరకే ఓపీ చీటీ దగ్గర లైను ఉంది. మేము వెళ్లినచోట క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి టోకెన్ తీసుకోవాలి, ఆధార్ కూడా పెట్టుకెళ్లండి. పదకొండున్నరకి లోపలికి పిలిచారు. బయట బెంచీల మీద మాలాంటివాళ్లే ఉన్నారు, యూనిఫాంలో ఉన్న పిల్లలు కూడా. నాకున్న భయంలో సగం ఆ బెంచీ మీదే పోయింది.

సైకియాట్రిస్టు మేడమ్ మొదట మా ముగ్గురితోనూ కలిపి పది నిమిషాలు మాట్లాడారు, తర్వాత నన్నూ మా ఆయన్నీ బయట కూర్చోమన్నారు. పంపేముందు పాప ఎదురుగానే, "తను చెప్పినవి నేను మీకు చెప్పను, ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే మాత్రం చెబుతాను, అది తనకీ చెబుతున్నాను" అన్నారు. ఈ ఒక్క మాట విన్నాక పాప తల పైకెత్తింది. లోపల రెండు కాగితాలు ఇచ్చారట. ఒకటి ఇంటర్నెట్ వాడకం మీద ఇరవై ప్రశ్నలు, ఎంత తరచుగా అని అంకె వెయ్యాలి. రెండోది తొమ్మిది ప్రశ్నలే, గత రెండు వారాల్లో ఎలా ఉంది అని. ఆ తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండు అనిపించిందా అన్నది.

మమ్మల్ని మళ్లీ పిలిచినప్పుడు మేడమ్ ఆ కాగితం బల్ల మీద మాకు కనపడేలా పెట్టలేదు. నెమ్మదిగా చెప్పారు: "కొన్ని రోజులు అలా అనిపించింది అని రాసింది. ఏదైనా చేసుకోవాలన్న ఆలోచన, ఏర్పాటు ఏమీ లేవు. అయినా ఇంట్లో మందులన్నీ, పురుగుల మందుంటే అదీ, తాళం వేసి పెట్టండి. మళ్లీ అలా అనిపిస్తే ముందు ఎవరికి చెప్పాలో తను ఇప్పుడే రాసిచ్చింది." ఆ చీటీలో మొదటి పేరు నాది. నాకు కాళ్లు చల్లబడ్డాయి. మా ఆయన అక్కడే తల పట్టుకుని కూర్చుండిపోయారు. మీ పిల్లలకి ఇలాంటి ఆలోచన వస్తోందని ఏమాత్రం అనుమానం ఉన్నా ఓపీ రోజు కోసం ఆగకండి, ఆ 14416కి అర్ధరాత్రయినా చెయ్యండి.

ప్రిస్క్రిప్షన్‌లో ఫోన్ అడిక్షన్ అని రాస్తారని మేము అనుకున్నాం. అందులో ఉన్నది ఒక మోస్తరు డిప్రెషన్, నిద్రపోయే వేళ బాగా ఆలస్యమైపోవడం. అడిగితే మేడమ్ చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్ ఉంది, అది 2022 నుంచి అమల్లో ఉంది, దానిక్కూడా మామూలుగా ఏడాది పాటు గేమ్ అదుపు తప్పి, చదువూ, తిండీ, మనుషులూ అన్నీ వెనక్కి పోయి ఉండాలి. రీల్స్, చాటింగ్ ఎక్కువ చూడటం అలా విడిగా ఆ జాబితాలో లేదు. "ఫోన్ వల్ల దిగులొచ్చిందా, దిగులొచ్చి ఫోన్‌లోకి వెళ్లిందా అని ఇప్పుడే తేల్చక్కర్లేదు, ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. నిద్ర మన చేతిలో ఉంది, అక్కణ్నించి పట్టుకుందాం" అన్నారు. ఆ వయసు పిల్లలకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలట, పైగా ఆ వయసులో ఒళ్లే ఆలస్యంగా నిద్రకి సిద్ధపడుతుందట, దాని మీద ఫోన్ వెలుతురు, మెసేజులు కలిస్తే పడుకునేసరికి తెల్లవారి మూడవుతుంది.

మాత్రలు ఇప్పుడే వద్దు, ఆరు వారాలు చూద్దాం, స్కోరు తగ్గకపోతే అప్పుడు ఆలోచిద్దాం అన్నారు. చెయ్యమన్నవి ఇవి: ఆదివారంతో సహా రోజూ ఆరున్నరకే లేవాలి, రాత్రి ఎన్నింటికి పడుకున్నా సరే. లేచాక అరగంట బయట వెలుతుర్లో ఉండాలి. రాత్రి పదిన్నరకి ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో ఒకేచోట చార్జింగ్ పెట్టాలి. అందరివీ అంటే అందరివీ. పగలు ఎంతసేపు చూడాలన్నది ఇప్పుడే మాట్లాడొద్దన్నారు. ఓపీకి ఒక్క రూపాయి తీసుకోలేదు.

ఇక్కడ చిన్న చిన్నవే ఎక్కువ ఇబ్బంది పెట్టాయి. అలారం ఫోన్‌లోనే కదా, కాబట్టి 350 పెట్టి గడియారం కొన్నాం. రాత్రి పదకొండుకి కాలేజీ గ్రూపులో నోట్సు పెడతారు, దాన్ని మా ఆయన ఫోన్‌కి కూడా వచ్చేలా చేసి పొద్దున్నే జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి ఇస్తున్నాం. మా ఆయనది హోల్‌సేల్ వ్యాపారం, ఆర్డర్లు రాత్రిళ్లే వస్తాయి, మొదటి వారం ఆయనకే చేతులు ఊరుకోలేదు, రెండుసార్లు లేచి హాల్లోకి వెళ్తే పాప చూసి "నాన్నా" అని పిలిచింది. ఆయన మారుమాట లేకుండా వచ్చి పడుకున్నారు. పాప ఆ పద్ధతిని ఒప్పుకోవడానికి అది చాలా సాయపడింది.

కౌన్సెలింగ్ కూడా కావాలన్నారు. ప్రభుత్వాసుపత్రిలో మాకు తేదీ దొరకడానికి మూడు వారాలు పైన పడుతుందన్నారు, అందుకని విజయవాడలో ప్రైవేటుగా వెళ్లాం, గంటకి 1,000. క్లినికల్ సైకాలజిస్టుకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, అది అడిగి వెళ్లండి అని మేడమే చెప్పారు. బోర్డు పెట్టుకున్న ప్రతివాళ్లకీ అది ఉండదు. దీపావళి తర్వాత అక్టోబరు 25 శనివారం మొదలైంది.

ఆ మొదటి గంటలో కౌన్సెలర్ పాప ఫోన్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ (ఫోన్ ఎప్పుడు ఎంతసేపు వాడామో చూపించేది) తెరిచి తనకే ఇచ్చి చదవమన్నారు. తిట్టలేదు, సలహా ఇవ్వలేదు. గంటగంటకీ ఉన్న ఆ గీతల్లో రాత్రి ఒంటి గంట, రెండు దగ్గర పొడుగ్గా ఉన్నదాన్ని చూపించి "ఈ టైములో ఏముంటుంది తల్లీ" అని అడిగారు. రీల్స్ అనుకున్నాను నేను. కాదు. హాస్టల్లో వదిలొచ్చిన స్నేహితురాళ్ల చాట్ గ్రూపు. వాళ్లు దొంగతనంగా పెట్టుకున్న ఫోన్ అర్ధరాత్రి దాటాకే తీస్తారు, తను ఆ టైముకి లేకపోతే తన గురించి ఏదో మాట్లాడుకుంటారని భయం. ఇంకోటి స్నాప్‌చాట్ స్ట్రీక్. ఇరవై నాలుగ్గంటల్లో ఒకరికొకరు ఫొటో పంపుకోకపోతే, వరసగా ఎన్ని రోజులు పంపుకున్నారన్న ఆ లెక్క సున్నా అయిపోతుంది. మూడొందలు దాటిన స్ట్రీక్ జ్వరంలో పోయిందట. హాస్టల్ నుంచి వచ్చినప్పుడు పిల్ల రోజంతా ఏడ్చింది, జ్వరం నీరసం అనుకున్నాం మేము.

మరుసటి వారమే మొంథా తుఫాను. అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది, కాలేజీలకి సెలవులు, మాకు కరెంటు పోయింది, తర్వాత సిగ్నలూ పోయింది. మొదటి సాయంత్రం పాప హాల్లోకీ బాల్కనీలోకీ తిరుగుతూనే ఉంది, ఫోన్ ఆకాశం వైపు ఎత్తి చూడటం, మళ్లీ దించడం, అరచేతులు చెమటలు. చిన్న మాటకే తమ్ముడి మీద అరిచింది. రెండో రాత్రి పదింటికే నిద్రపోయింది, తెల్లారి ఎవరూ లేపకుండా లేచి ఆకలేస్తోంది అంది. కౌన్సెలర్‌కి చెబితే ఆవిడ దాన్ని పట్టుకున్నారు: ఆ రెండ్రోజులు గ్రూపులో నీ గురించి ఏమైనా మాట్లాడుకున్నారా, నువ్వు లేనందుకు ఎవరైనా దూరమయ్యారా, చూసి చెప్పు అన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. తన భయం నిజమో కాదో తనే సరిచూసుకోవడం అన్నది ఆ తర్వాత కౌన్సెలింగ్ అంతటా నడిచింది.

నవంబరు మధ్యలో అసలు గాయం చెప్పింది, నాకు కాదు, ఆవిడకి. చెప్పమని తనే అడిగాక ఆవిడ నన్ను లోపలికి పిలిచారు. హాస్టల్ కాలేజీ పిల్లలెవరో పేరు లేకుండా నడిపే ఒక కన్ఫెషన్స్ పేజీ (తోటి పిల్లల గురించి ఎవరైనా చాటుగా రాసేది) సోషల్ మీడియాలో ఉంది, అందులో మా పాప ఫొటో పెట్టి రంగు గురించి, పళ్ల గురించి రాశారు. కింద అరవైకి పైగా కామెంట్లు. జ్వరం వచ్చిన వారమే అది. ప్రతి రాత్రీ ఆ పోస్టు ఇంకా ఉందా, కొత్తగా ఎవరేమన్నారు అని చూసుకునేది. అద్దం ముందు అన్న మాట నాకు అప్పుడు అర్థమైంది. ఎంత కోపమొచ్చిందో రాయలేను, ఇప్పటికీ ఉంది. పోలీసు కంప్లైంటు ఇద్దామంటే పాప వద్దంది. స్క్రీన్‌షాట్లు దాచిపెట్టుకుని, పేజీని యాప్‌లో రిపోర్టు చేసి, కాలేజీకి రాతపూర్వకంగా ఇచ్చాం. కాలేజీ నుంచి సమాధానం రాలేదు. పది రోజులకి పేజీ మాత్రం కనపడకుండా పోయింది.

ఇంకో సంగతి అప్పుడే బయటపడింది. తన ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలో పుట్టిన సంవత్సరం 2004 అని ఉంది, ఎనిమిదో తరగతిలో ఎవరో స్నేహితురాలు తెరిచిపెట్టిందట. పిల్లలకి టీన్ అకౌంట్లని 2025 ఫిబ్రవరిలో మన దేశంలోనూ తెచ్చారు, వాటిలో ఖాతా దానంతటదే ప్రైవేటుగా ఉంటుంది, రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా నోటిఫికేషన్లు రావు, తెలియనివాళ్లు మెసేజ్ చెయ్యలేరు. పెద్దదని అబద్ధం ఉన్న ఖాతాకి మామూలుగా ఇవేవీ రావు కదా. మీ పిల్లల ఖాతాలో ఆ తేదీ ఒకసారి చూడండి. పాత ఖాతా వదులుకోవడానికి చాలా బాధపడింది, ఫాలోయర్లు ఎనిమిది వందలు. రెండు వారాలు ఆలోచించుకుని తనే సరైన తేదీతో కొత్తది తెరుచుకుంది. డిసెంబరు 10న ఆస్ట్రేలియాలో పదహారు నిండని పిల్లలకి సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చేసే చట్టం అమల్లోకొచ్చిందని టీవీలో వస్తుంటే, "నాకు ఎనిమిదో తరగతిలో అలా ఉండుంటే బాగుండేదమ్మా" అంది. నేనేం అడక్కుండానే అంది.

నవంబరు 24న మేడమ్ దగ్గర మళ్లీ ఆ తొమ్మిది ప్రశ్నల కాగితం నింపింది. మొదట పదిహేనున్న స్కోరు తొమ్మిదికి వచ్చింది, తొమ్మిదో ప్రశ్నకి సున్నా. మాత్రలు అక్కర్లేదన్నారు. అంతా సాఫీగా మాత్రం జరగలేదు. డిసెంబరులో యూనిట్ టెస్టు మార్కులు వచ్చాక ఒక వారం మళ్లీ ఒంటిగంట దాకా మేలుకుంది, బాత్రూంలోకి ఫోన్ తీసుకెళ్లింది. నేను కంగారుగా ఫోన్ చేస్తే కౌన్సెలర్, ఇలా మధ్యలో జరుగుతుంది, మళ్లీ మొదటికి వచ్చినట్టు కాదు, పొద్దున ఆరున్నర మాత్రం తప్పనివ్వకండి అన్నారు. తప్పనివ్వలేదు, చలికాలం పొద్దున్నే లేపడానికి నా ప్రాణం మీదికొచ్చేది, అయినా లేపి మేడ మీదికి తీసుకెళ్లేదాన్ని. రెండో వారానికి సర్దుకుంది.

ఇప్పుడు రాత్రి పదకొండుకల్లా నిద్రపోతోంది. హిమోగ్లోబిన్ 11.6 అయింది, నెలసరి డిసెంబరు, జనవరిలో సమయానికే వచ్చింది. తలనొప్పి వారానికోసారి వస్తోంది. మెడనొప్పి కూడా ఉంది, దానికి మా ఫిజీషియన్ చెప్పిన రెండు వ్యాయామాలు చేస్తోంది, అదింకా పూర్తిగా పోలేదు. ఫోన్ పగలు మూడు గంటల దాకా చూస్తోంది, సెలవుల్లో ఇంకా ఎక్కువే. సంక్రాంతికి అమ్మమ్మ వాళ్లింటికి వచ్చింది, ఫొటోలు దిగింది, రెండు మాత్రమే పెట్టింది, పెట్టాక మాటిమాటికీ తీసి చూసుకోవడం నేను గమనించాను, అది కౌన్సెలర్‌తో తనే చెబుతానంది.

ఖర్చు విషయానికొస్తే కళ్లకి, రక్తపరీక్షలకి, మందులకి, కౌన్సెలింగ్‌కి, బస్సు చార్జీలకి అన్నీ కలిపి ఇరవై వేలు దాటలేదు. అందులో సగానికి పైగా కౌన్సెలింగ్‌కే. ఆగగలిగినవాళ్లకి ప్రభుత్వాసుపత్రిలో అదీ ఉచితమే, తేదీ కోసం ఎదురు చూడాలి అంతే. కౌన్సెలింగ్ ఇప్పుడు పదిహేను రోజులకోసారి. మేడమ్ దగ్గరికి మళ్లీ ఇంటర్ పరీక్షలయ్యాక రమ్మన్నారు, మధ్యలో నిద్ర తప్పితే ఆ తేదీ దాకా ఆగకుండా వెంటనే రావాలన్నారు.